సంగీత సందేహాలు: పేర్లు రాసిన కాగితాలు

గత నెల ఈ పేజీలో, న్యూయార్క్‌లో నేను విన్న ఒక జాజ్ కచేరీ గురించి రాశాను. ఏప్రిల్ 29 డ్యూక్ ఎల్లింగ్టన్ పుట్టినరోజు. అమెరికా నల్లజాతివారి మధ్య పుట్టిన జాజ్ సంగీతంలో ఆయన పేరున్న రచయిత, పియానో విద్వాంసుడు, బృంద నాయకుడు. ఆ వారంలో పదిహేను మంది వాద్యకారులు ఒకే వేదిక మీద కూర్చుని రెండున్నర గంటల పాటు ఆయన బృందం వాయించిన సంగీతాన్నే వాయించారు. న్యూజెర్సీలో ఉంటున్న మా అబ్బాయి టికెట్లు కొని నన్ను రైల్లో తీసుకువెళ్లాడు. ముప్పై ఒక్క సంవత్సరాలు రేడియోలో శబ్దగ్రహణం చేసినవాణ్ణి కాబట్టి ఎక్కడికి వెళ్లినా ముందు చెవి పనిచేస్తుంది, తర్వాతే కన్ను. ఆ రాత్రి మాత్రం రెండూ పోటీపడ్డాయి.

ఆ వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. జాజ్ అంటే ఏమిటో తెలియదని మొహమాటపడుతూ రాసినవారి ప్రశ్నలే నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు చెబుతాను.

ఎల్లింగ్టన్ గొప్ప పియానో విద్వాంసుడని రాస్తూనే, కచేరీలో పియానో చాలాసేపు మౌనంగా ఉందన్నారు. రెండూ ఎలా పొసగుతాయి?
— వీణ నేర్చుకుంటున్న గృహిణి, తెనాలి

అమ్మా, ఆయనకు వేళ్లలో చేవ లేక మౌనంగా ఉండలేదు. వాషింగ్టన్‌లో కుర్రవాడిగా ఉన్నప్పుడు జేమ్స్ పి. జాన్సన్ అనే మహా విద్వాంసుడి 'కరోలినా షౌట్' నేర్చుకున్న తీరు వినండి. చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట ఎక్కిస్తే దానంతట అదే మోగే పియానోలు ఆ రోజుల్లో ఉండేవి. చుట్టను నెమ్మదిగా తిప్పుతూ, ఏ మీట దిగితే ఆ మీట మీద తన వేలు పెడుతూ, ఆ రచన మొత్తం పట్టేశారు. ఎడమచేయి ఒకసారి మంద్రంలో అడుగు వేసి, మరుక్షణం మధ్యస్థాయికి అంగ వేసే ఆ పద్ధతిని 'స్ట్రైడ్' అంటారు. మంచి బలమున్న చేతికే లొంగుతుంది. 1962లో బాస్ మీద చార్లెస్ మింగస్, డ్రమ్స్ మీద మాక్స్ రోచ్ అనే ఇద్దరు ఉద్దండులతో కలిసి ఆయన ఇచ్చిన 'మనీ జంగిల్' రికార్డు వింటే, అరవై మూడేళ్ల వయసులో కూడా ఆ చేయి ఎంత బలంగా పడేదో తెలుస్తుంది.

అయితే బృందంతో కూర్చున్నప్పుడు ఆయన పని వేరు. కూచిపూడి ప్రదర్శనలో నట్టువాంగం చేసే గురువును చూడండి. ఎంతసేపూ తాళాలు మోగిస్తూ ఉండరు. సరైన చోట ఒక్క దెబ్బ వేస్తారు, నర్తకి పాదం మారిపోతుంది. ఎల్లింగ్టన్ పియానో అలాంటిది. ఒక స్వరగుచ్ఛం చప్పున పడుతుంది, ట్రంపెట్లు లేస్తాయి. ఆయనతో దాదాపు ముప్పై ఏళ్లు కలిసి రచన చేసిన బిల్లీ స్ట్రేహార్న్ ఒక మాట అన్నారు: ఎల్లింగ్టన్ పియానో వాయిస్తారు గానీ, ఆయన అసలు వాద్యం ఆ బృందమే. నేను విన్న కచేరీలో పియానో ముందు కూర్చున్న అమ్మాయి ఈ సంగతి బాగా ఎరిగిన మనిషి. చేతులు ఒడిలో పెట్టుకుని తోటివారిని వింటూ కూర్చున్నప్పుడు ఆమె ముఖంలో ఎంత శ్రద్ధ ఉందో, వాయిస్తున్నప్పుడూ అంతే ఉంది.

ట్రంపెట్ వాయించేవాళ్ల చేతిలో రబ్బరు గిన్నె ఎందుకు?
— ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

బాబూ, అది సామాన్య వస్తువే. వంటింటి తొట్టి పూడుకుపోతే నీళ్లు దిగడానికి నొక్కుతారే, ఆ రబ్బరు గిన్నె. దాని కర్ర తీసేసి ట్రంపెట్ ముందువైపు వెడల్పాటి మూతి దగ్గర పట్టుకుని మూస్తూ తెరుస్తూ ఉంటే 'వా... వా...' అని మనిషి గొంతు పలుకుతుంది. మూతి లోపల ఇంకొక చిన్న బిరడా కూడా ఉంటుంది. దానికి తోడు వాద్యకారుడు ఊదుతూనే గొంతులో గుర్రుమంటాడు. 1920లలో ట్రంపెట్ మీద బబర్ మైలీ, ట్రాంబోన్ మీద 'ట్రిక్కీ శామ్' నాంటన్ ఈ విద్యతో ఎల్లింగ్టన్ బృందానికి ఒక ముద్ర వేశారు. నీకు దగ్గరలో బ్యాండు మేళంవారు ఉంటే ఒకసారి ట్రంపెట్ అడిగి ప్రయత్నించు. గిన్నె మాత్రం కొత్తది కొనుక్కో.

చనిపోయినవారి బృందం వాయించినదాన్ని మరొకరు కాగితం చూసి మళ్లీ వాయించడం నకలు కాదా? అందులో మనోధర్మం ఎక్కడ ఉంది? నివాళి అంటే ఇంతేనా?
— మృదంగ విద్వాంసుడు, విజయనగరం

అయ్యా, ఈ ప్రశ్న నన్ను ఆ హాల్లో మొదటి గంటంతా కుదురుగా కూర్చోనివ్వలేదు. గత నెల దీన్ని దాటేసి రాశాను. మీరు పట్టుకున్నారు.

ముందు ఆ కాగితాల సంగతి చెప్పాలి. ఎల్లింగ్టన్ తరఫున మిగిలిన స్వరలిపి, ఇతర పత్రాలు ఆయన కుమారుడు మెర్సర్ దగ్గర నుంచి 1988లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు చేరాయి. స్వరలిపి పుటలే లక్షకు అటూ ఇటూ ఉంటాయి. మామూలుగా వాద్యబృందాల కాగితాల మీద 'మొదటి ఆల్టో శాక్సఫోన్', 'మూడో ట్రంపెట్' అని రాస్తారు. ఎల్లింగ్టన్ కాగితాల మీద మనుషుల పేర్లు ఉంటాయి. ఆల్టో శాక్సఫోన్ వాయించిన జానీ హాడ్జెస్‌ది అయితే 'రాబ్' అని ఉంటుంది. ఆయన్ని తోటివారు ముద్దుగా 'ర్యాబిట్' అని పిలిచేవారు, అంటే కుందేలు. కూటీ విలియమ్స్‌కు 'కూటీ'. హారీ కార్నీకి 'కార్నీ'. ఈ కార్నీ 1927లో పదిహేడేళ్ల పిల్లవాడిగా చేరి, 1974 మే 24న ఎల్లింగ్టన్ కన్నుమూసేవరకు ఆ బృందంలోనే బారిటోన్ శాక్సఫోన్ వాయించారు. నలభై ఏడేళ్లు! ఎల్లింగ్టన్ పోయిన అయిదు నెలలలోపే ఆయనా వెళ్లిపోయారు.

అంటే ఎల్లింగ్టన్ రాసింది వాద్యాలకు కాదు, మనుషులకు. ఫలానా స్వరం దగ్గర హాడ్జెస్ ఊపిరి ఎలా సాగుతుందో, ఫలానా చోట కార్నీ మంద్రం ఎంత నిండుగా ఉంటుందో తెలిసి రాశారు. ఆ కాగితాలు ఉత్తరాలు. పేర్లున్నవారు ఇప్పుడు లేరు. మరొకరు ఆ ఉత్తరం విప్పి చదవవచ్చా అన్నదే మీ ప్రశ్న అనుకుంటాను.

ఆ రాత్రి నాకు రెండు రకాల జవాబులు వినిపించాయి.

మొదటిది 'కన్చెర్టో ఫర్ కూటీ'. కన్చెర్టో అంటే ఒక వాద్యాన్ని ముందు నిలిపి బృందం వెనక నడిచే రచన. ఇది 1940లో కూటీ విలియమ్స్ ట్రంపెట్ కోసం రాసినది. ఒక యువకుడు లేచి నిలబడి వాయించాడు. పాత రికార్డులో ఉన్న ప్రతి మలుపూ అక్కడే ఉంది, ఒక్క తప్పూ లేదు. కానీ నాకు మాత్రం, ఎవరిదో అద్దాల దీపాన్ని మెట్ల మీదుగా జాగ్రత్తగా దించుతున్న పిల్లవాణ్ణి చూస్తున్నట్టే ఉంది. దీపం పగలకూడదన్న భయమే వినిపించింది. దానిని మీరు నకలు అంటే నేను కాదనను.

రెండోది 'కమ్ సండే'. 1943 జనవరి 23న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో ఎల్లింగ్టన్ వినిపించిన 'బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్' అనే పెద్ద రచనలోని భాగం. అందులో ఆల్టో శాక్సఫోన్ హాడ్జెస్‌ది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లేటప్పుడు ఆయన మెట్టు దిగరు. జారుతారు. మన గమకాల్లో జారు అంటామే, అచ్చంగా అదే. ఆల్టో శాక్సఫోన్ మీద జారు ఎలా పలుకుతుందో కద్రి గోపాల్‌నాథ్ గారిని విన్న మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ రాత్రి వాయించినాయన నడివయసు మనిషి. మొదటిసారి చరణం ఎత్తుకున్నప్పుడు హాడ్జెస్ జారును జారుగానే, అంత నెమ్మదిగానూ వాయించారు. నేను కళ్లు మూసుకున్నాను. రెండోసారి అదే చోటికి వచ్చి, జారకుండా స్వరాన్ని నిలువుగా పట్టి ఉంచారు. రెండు లెక్కల పాటు హాల్లో ఆయన ఊపిరి అంచు వినిపించింది. ఆ తర్వాతే దిగారు. హాడ్జెస్ అక్కడ ఏమి చేసేవారో మా అందరికీ అప్పుడే వినిపించారు కాబట్టి, ఆయన చేయకుండా ఆగినది కూడా మాకు తెలిసింది. ఆ ఉత్తరం చేరవలసిన చోటికి చేరిందనే నా నమ్మకం.

ఇంకొక మాట కూడా మీకే చెప్పాలి. 1941 ఫిబ్రవరిలో రికార్డు చేసిన 'టేక్ ది ఏ ట్రెయిన్'లో రే నాన్స్ అనే ఆయన ట్రంపెట్ మీద మనోధర్మంతో వాయించిన భాగం ఉంది. జనానికి అది ఎంత నచ్చిందంటే, తర్వాత వాయించినవాళ్లు ఎందరో దాన్నే వాయిస్తూ వచ్చారు. ఒకరి మనోధర్మం మెల్లగా రచనలో కలిసిపోయింది. త్యాగరాజ స్వామి కృతుల్లో శిష్యులూ ప్రశిష్యులూ చేర్చిన సంగతులను, అంటే ఒకే పంక్తికి అల్లిన కొత్త మలుపులను, మనం కృతి నుంచి వేరు చేసి పాడతామా? 'ఇది స్వామివారిది, ఇది ఫలానావారిది' అని ఎవరైనా ఆపి చెబుతారా? మృదంగం ముందు కూర్చునే మీకు ఈ విషయం నాకంటే బాగా తెలుసు.

కాగితం లేకపోతే ఆ ఆల్టో ఆయనకు ఎదురు నిలవడానికి ఏదీ ఉండేది కాదు. అందుకే న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్ జాజ్ విభాగంవారు 1990ల మధ్య నుంచి ఎల్లింగ్టన్ స్వరలిపిని ఉన్నత పాఠశాలలకు ఉచితంగా పంపి, ఏటా పోటీలు పెట్టడం గొప్ప పని అంటాను. రికార్డులు విని ఒక్కొక్క వాద్యం భాగాన్ని చెవితో పట్టి రాసినవారు ఉన్నారు. వారి చెవులకు నా నమస్కారం. 1988లో అక్కడ మొదట బృందం కట్టినప్పుడు ఎల్లింగ్టన్ దగ్గర వాయించిన కొందరు పెద్దలు కూడా అందులో కూర్చున్నారు. పక్కన కూర్చున్న పెద్దాయన ఊపిరి ఎక్కడ తీశారో ఏ కాగితమూ చెప్పదు. అది పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. ఇప్పుడు ఆ తరం దాదాపు వెళ్లిపోయింది. ఇక మిగిలింది పోటీల్లో పెరిగిన పిల్లలూ, కాగితమూ. అద్దాల దీపం దించిన ఆ యువకుణ్ణి నేను తప్పుపట్టలేను. మరో పదేళ్లకు అతను ఆ కన్చెర్టో ఎలా వాయిస్తాడో వినాలని ఉంది.

ఒకే వరసను 27 సార్లు వాయించారని రాశారు. వినేవాళ్లకు విసుగు పుట్టదా?
— బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

ఆ వరస పన్నెండు మాత్రాఖండాల ఆవర్తనం, ఒక్కో ఖండానికి నాలుగు లెక్కలు. 1956 జూలై 7 రాత్రి, అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో, 'డిమిన్యుయెండో అండ్ క్రెషెండో ఇన్ బ్లూ' అనే రచన రెండు భాగాల మధ్య పాల్ గొన్సాల్వెస్ టెనర్ శాక్సఫోన్ మీద 27 ఆవర్తనాలు వాయించారు. లెక్క కడితే 324 ఖండాలు. వెనక పియానో, బాస్, డ్రమ్స్ తప్ప ఏమీ లేవు. నల్ల గౌను వేసుకున్న ఒక మహిళ లేచి నాట్యం మొదలుపెట్టారు, జనం కుర్చీలు ఎక్కారు. వేదిక పక్కన జో జోన్స్ అనే మరో బృందపు డ్రమ్మర్ చుట్టిన వార్తాపత్రికతో తాళం కొడుతూ ఉత్సాహపరిచారు. అప్పటికి ఎల్లింగ్టన్ కాలం అయిపోయిందని చాలామంది తీర్పు చెప్పేసి ఉన్నారు. ఆగస్టులో ఆయన బొమ్మ 'టైమ్' పత్రిక ముఖచిత్రమైంది.

నేను విన్న కచేరీలో టెనర్ వాయించినాయన పంతొమ్మిది దగ్గర ఆపారు. వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టాను. పదిహేనోదానికి నా కాలు నేల మీద ఆగలేదు.

'మూడ్ ఇండిగో'ను మైకు కోసమే రాశారన్నారు. పాట మనుషుల కోసం రాస్తారు గానీ మైకు కోసం రాస్తారా?
— పాత రేడియో శ్రోత, నెల్లూరు

మీ ఉత్తరం నా మేజా మీద వారం రోజులు ఉంది. జవాబు తెలియక కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక.

1930 నాటి రచన అది. ముందు నిలబడేది మూడు వాద్యాలు: ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్. అంతకుముందు ఈ మూడూ కలిసినప్పుడు క్లారినెట్ పైన ఎగిరేది, ట్రంపెట్ మధ్యలో పాట నడిపేది, ట్రాంబోన్ అడుగున ఉండేది. ఎల్లింగ్టన్ ఈ అమరికను తిరగేశారు. ట్రాంబోన్‌ను దాని తారస్థాయికి ఎక్కించి, మూతికి బిరడా పెట్టించారు. ట్రంపెట్‌కు కూడా బిరడా. క్లారినెట్‌ను దాని మంద్రపు అడుగుకు దించారు. మూడూ మెత్తగా, దగ్గరగా మోగితే, వాటి నడుమ ఎవరూ వాయించని నాలుగో ధ్వని ఒకటి తేలుతుంది. అంతకు ముందు రికార్డింగుల్లో ఇలాంటి వింత ధ్వని మైకులో పుట్టి ఇంజనీర్లను ఇబ్బంది పెట్టేది. ఆయన దానినే కావాలని పుట్టించి, రేడియోలో వినిపించడానికి ఈ రచన చేశానని చెప్పారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి రెండు నాదస్వరాలను చిన్న గదిలో ఒక్క మైకుతో పట్టవలసి వచ్చింది. రెండింటి శ్రుతిలో వెంట్రుకవాసి తేడా. ఆ తేడా మైకులో గుయ్‌గుయ్‌మని కొట్టుకోసాగింది. మా పై అధికారి వచ్చి మైకును మూలకు జరిపించి, దాని ముందు దుప్పటి కట్టించారు. ధ్వని పోయింది. మేం దుప్పటి కట్టి తరిమేసినదాన్ని ఎల్లింగ్టన్ పిలిచి పీట వేశారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఒకటి. ఈ సంగతి తెలిసిన రోజు నేను రాత్రి భోజనం మరిచి రికార్డు తిప్పి తిప్పి విన్నాను.

కచేరీలో ఈ రచన వచ్చినప్పుడు ముగ్గురూ తమ మైకులు వదిలేసి ముందుకు వచ్చి, ఒకే మైకు చుట్టూ భుజాలు తగిలేలా నిలబడ్డారు. ఆ నాలుగో గొంతు వినిపించింది. మా అబ్బాయి 'నాన్నా, పైన ఎవరు పాడుతున్నారు?' అని అడిగాడు.

నల్లజాతివారిని లోపలికి రానివ్వని క్లబ్బులో వాయించిన మనిషి కదా. వర్ణవివక్ష గురించి ఆయన గట్టిగా మాట్లాడలేదని విమర్శ ఉంది. మీరేమంటారు?
— చరిత్ర ఉపాధ్యాయుడు, అనంతపురం

క్లబ్బు సంగతి నిజం. న్యూయార్క్‌లో నల్లజాతివారి పేట అయిన హార్లెమ్‌లోని కాటన్ క్లబ్‌లో 1927 డిసెంబర్ నుంచి 1931 వరకు ఆయన బృందం వాయించింది. వేదిక మీద నల్లవారు, బల్లల దగ్గర తెల్లవారు. అక్కడి నుంచి రేడియో ఆ సంగీతాన్ని దేశమంతా మోసింది. దక్షిణ రాష్ట్రాల్లో హోటళ్లు గదులివ్వని రోజుల్లో ఆయన తన బృందానికి ప్రత్యేకంగా రైలు పెట్టెలు అద్దెకు తీసుకున్నారు. అందులోనే నిద్ర, అందులోనే భోజనం. 'మాకు ఇక్కడ గది ఉందా?' అని తన మనుషులు ఏ గుమ్మంలోనూ అడగకూడదని ఆయన పట్టుదల.

'బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్' దాదాపు నలభై అయిదు నిమిషాల రచన. అమెరికాలో తన జాతి నడిచివచ్చిన దారిని కార్నెగీ హాల్లో వాద్యాలతో చెప్పారు. విమర్శకులు పెదవి విరిచారు. కొద్ది రోజుల తర్వాత ఆయన దాన్ని మొత్తంగా వాయించడం మానేశారు. నాకిప్పటికీ బాధగా ఉండే విషయం ఇది. 1965లో, అమెరికాలో పెద్ద గౌరవమైన పులిట్జర్ బహుమతుల సంగీత విభాగం న్యాయనిర్ణేతలు ఆయనకు ప్రత్యేక గౌరవం ఇవ్వమని సిఫారసు చేస్తే బోర్డు తోసిపుచ్చింది. న్యాయనిర్ణేతల్లో ఇద్దరు రాజీనామా చేశారు. అరవై ఆరేళ్ల ఎల్లింగ్టన్ అన్నది ఇది: 'విధికి నా మీద దయ ఉంది. చిన్న వయసులోనే నాకు మరీ పేరు రావడం దానికి ఇష్టం లేదు.' ఆ మర్యాదలో ఎంత కోపం అణిగి ఉందో చరిత్ర చెప్పే మీరు పిల్లలకు వివరించాలి. ఆ గౌరవం 1999లో, ఆయన శతజయంతి ఏట వచ్చింది. పోయి అప్పటికి పాతికేళ్లు.

ఉపన్యాసం ఇవ్వలేదని ఆయనను మౌని అనడం నాకు సమ్మతం కాదు.

ఎల్లింగ్టన్ బృందం హైదరాబాద్ వచ్చిందట, నిజమేనా? మా అన్నయ్య అప్పట్లో కాలేజీలో చదువుతూ ఆ కచేరీకి వెళ్లానని ఇప్పటికీ చెబుతారు. ఇంట్లో ఎవరూ నమ్మరు.
— విశ్రాంత ఉపాధ్యాయిని, సికింద్రాబాద్

అమ్మా, మీ అన్నయ్యగారిని నమ్మండి. 1963 శరత్కాలంలో అమెరికా విదేశాంగ శాఖ ఈ బృందాన్ని సిరియా, జోర్డాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల మీదుగా మన దేశానికి పంపింది. ఢిల్లీతో పాటు హైదరాబాద్, మద్రాసు, బొంబాయి, కలకత్తా ఆ ప్రయాణంలో ఉన్నాయి. ఆ ఏడాది నవంబర్‌లో అధ్యక్షుడు కెనెడీ హత్యతో పర్యటన టర్కీలో ఆగిపోయింది.

ఈ ప్రయాణం నుంచే 'ఫార్ ఈస్ట్ సూట్' అనే రచనల మాలిక పుట్టింది. 1966 చివర రికార్డు చేశారు. అందులో 'ఆగ్రా' ఉంది, కార్నీ బారిటోన్ కోసం. ఇంకొకటి 'బ్లూబర్డ్ ఆఫ్ డెల్లీ'. ఢిల్లీలో స్ట్రేహార్న్ బస చేసిన గది దగ్గర ఒక పిట్ట పదేపదే కూసిన కూతను ఆయన స్వరాల్లో పట్టారు. ఆ పిట్ట మరేమీ కాదు, మన గోరువంక. దాన్ని జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ మీద కూయించారు. నేను వెళ్లిన కచేరీలో చివరగా ఇదే వాయించారు. ఆ క్లారినెట్ కూత విన్నప్పుడు, విజయవాడలో మా పెరటి గోడ మీద పొద్దున్నే అరిచే గోరువంకలు గుర్తొచ్చి, అంత దూరంలో నాకు ఇల్లు కనిపించింది.

మీ అన్నయ్యగారిని ఒక విషయం అడిగి రాయండి. ఎల్లింగ్టన్ ఢిల్లీలో జబ్బుపడి ఆసుపత్రిలో చేరారు. హైదరాబాద్‌లో ఆ సాయంత్రం పియానో ముందు కూర్చున్నది పొడవాటి పెద్దమనిషా, లేక కళ్లజోడు పెట్టుకున్న పొట్టి మనిషా? పొట్టి ఆయన అయితే స్ట్రేహార్న్. టికెట్టు ముక్క గానీ కార్యక్రమ పత్రం గానీ ఏ పుస్తకంలోనైనా దాగి ఉంటే పారేయకండి. దాని ఫోటో తీసి పంపితే చాలు.